చెక్కజోడు ముద్ర

ప్రష్యన్లతో యుద్ధం నడిచిన 1870 అక్టోబరు మూడో వారంలో ఇన్‌స్పెక్టర్ వెర్న్యోల్ గుర్రబ్బండిలో మా ఓబ్రివాల్‌కి వచ్చి, మా అమ్మ చేతిలోంచి ప్రభుత్వ ముద్రలు రెండూ పట్టుకుపోయాడు. ఒకటి తేదీ ముద్ర. రెండోది స్టాంపు మీద కొట్టేది. చుక్కల నడుమ మా ఊరి నంబరు ఉండేది. వెసూల్ పట్టణం ప్రష్యన్ల చేతికి చిక్కిందని ముందురోజే కబురొచ్చింది. ఆ కబురు వెనకాలే ఆయనా వచ్చాడు, అదీ బండి దిగకుండా.

"శత్రువు చేతిలో పడకూడదు మదామ్ పెర్రెనో. ఆఫీసు మూసెయ్యండి. మూసినట్టు నేను రిపోర్టు రాసేస్తాను," అన్నాడు.

"మరి ఉత్తరాలండీ?"

"ఏ ఉత్తరాలు?"

"ఊళ్ళో ముప్ఫై ఒక్కమంది కుర్రాళ్ళు సైన్యంలో ఉన్నారు. అందులో మావాడూ ఒకడు."

"యుద్ధం ముగిశాక రాసుకుంటారు లెండి," అని బండివాడి వీపు తట్టాడు.

బండి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది. మా ఇంట్లో ముందుగది పోస్టాఫీసు, వెనకగది నాన్న చెక్కజోళ్ళ కొట్టు. వెనకగదిలోంచి నాన్న అరిచాడు: "ముద్రల్ని కాపాడుతున్నాడట. తన తోలు కాపాడుకుంటున్నాడని చెప్పొచ్చుగా."

"పై వాళ్ళని అలా అనకండి. ఉత్తర్వు ఉత్తర్వే," అంది అమ్మ.

మా అమ్మ అలాంటి మనిషి. పదహారేళ్ళు ఆ కిటికీ వెనక కూర్చుంది. సొంత చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చినా, ఎనిమిది కొట్టకుండా ఉత్తరం చేతికిచ్చేది కాదు. తపాలా నిబంధనల పుస్తకం ఆవిడకి కంఠతా వచ్చు. ఆ నిప్పులు కడిగే తనాన్ని చూసి నేనూ అన్నయ్యా చాటుగా నవ్వుకునేవాళ్ళం. అన్నయ్య ఆంతెల్మ్ ఆగస్టులోనే సైన్యంలోకి పోయాడు. వాడి పనంతా నా నెత్తిన పడింది. ఆడపిల్ల జోళ్ళు చెక్కడమేమిటని ఊరు రెండు వారాలు నవ్వింది. ఆ తరవాత కాళ్ళకి జోళ్ళు కావలసొచ్చి నోరు మూసుకుంది.

ఆఫీసు ఒక్కరోజు మూసి ఉంది. మర్నాడు పొద్దున్నే వడ్రంగి ఫుల్జాన్స్ పెళ్ళాం మెలనీ వచ్చి కిటికీ తట్టింది. మొగుడికి ఉత్తరం రాసి తెచ్చింది. అమ్మ తలుపు తియ్యలేదు. మెలనీ తట్టడం ఆపలేదు. మొక్కజొన్న జావ పొయ్యి మీద అడుగంటే వేళకి అమ్మ చేతులు తుడుచుకుని వెళ్ళి కిటికీ తీసింది.

"తీసుకుంటాను. పంపడం ఎలాగో నాకు తెలియదు," అంది.

పంపే దారి సిదోనీ చూపించింది. ఆవిడ చీజు చక్రాలు, అంటే గుండ్రటి పెద్ద చీజు దిమ్మలు, గాడిద బండి మీద కొండ దాటించి అమ్ముకొచ్చే విధవరాలు. కొండకవతల సాంతెన్ ఊరు ఇంకా మనవాళ్ళ చేతిలోనే ఉంది. అక్కడ పోస్టాఫీసు నడుస్తోంది. "చక్రాల కింద గడ్డి పరుస్తాను కదక్కా. ఆ గడ్డిలో ఉత్తరాలు పెడితే మా ఆయన సమాధిలోంచి లేచొచ్చినా కనిపెట్టలేడు," అంది సిదోనీ.

"ముద్ర లేని ఉత్తరం ఒకరి సంచిలో పోతే అది దొంగరవాణా," అంది అమ్మ. "ముద్ర పడితేనే తపాలా."

ముద్ర లేదు. అందుకని మొదట కలంతో స్టాంపు మీద అడ్డంగా రెండు గీతలు గీసి, తేదీ రాసి పంపింది. తొమ్మిది రోజుల తరవాత సిదోనీ ఆ ఉత్తరాలన్నీ తిరిగి తెచ్చింది. సాంతెన్ పోస్టుమాస్టరు ఒక చీటీ పెట్టాడు: కలం గీతలు చెల్లవు, జనం వెనిగర్‌తో తుడిచేసి అదే స్టాంపు మళ్ళీ అంటిస్తున్నారు, చెక్కతోనో బెండుతోనో ఏదో ఒక ముద్ర చేసుకుని కొట్టి పంపండి, నేను తీసుకుంటాను.

ఆ చీటీ చదివి అమ్మ మడిచి గూట్లో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. గోడకి వేలాడుతున్న జోళ్ళలో పసిపిల్లల జోడు ఒకటి ఒంటరిగా ఉండేది. దాని జత ఆరబెట్టినప్పుడు పగిలిపోయింది. అక్రోటు కర్రతో చేసింది, గుప్పెట్లో పట్టేంత ఉంటుంది. దాని మడమ నున్నగా చిత్రిక పట్టి, దున్నిన మడిలో చాళ్ళలాగా ఏడు గాట్లు పెట్టాను. కోపంలో ఉలి జారి చివరి చాలు వంకర పోయింది. దీపం మసిలో అవిసెనూనె కలిపి, మడమకి రాసి, అమ్మ ముందు పాత కాగితం మీద గట్టిగా కొట్టాను.

అమ్మ ముఖం తెల్లబోయింది. "ఇది దొంగ ముద్ర. దీనికి జైల్లో పెడతారు తెలుసా?"

"ఎవరు పెడతారమ్మా? పెట్టేవాళ్ళందరూ కొండ దాటి పారిపోయారుగా."

"ఎదురు చెప్పకు."

నాన్న పని ఆపి వచ్చి ఆ కాగితం వెలుగులో పెట్టి చూశాడు. "దీంట్లో నంబరు లేదు, సర్కారు గద్ద బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు. ఇది మడమ. మడమని దొంగ ముద్ర అనాలంటే ముందు ఊళ్ళో నడిచే ప్రతివాణ్ణీ పట్టుకోవాలి," అన్నాడు.

అమ్మ జోడు చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. గాట్లలో వేలిగోరు పెట్టి చూసింది. చివరికి అంది: "లోతు చాల్లేదు. సిరా నిండిపోయి మసిబొట్టులా పడుతోంది. ఇంకొంచెం తియ్యి."

అంతకంటే ఒప్పుకోలు మా అమ్మ నోట రాదు.

స్టాంపుల మీద ఇంకా చక్రవర్తి తలే ఉండేది. ఆయనేమో సెప్టెంబరులోనే ప్రష్యన్లకి లొంగిపోయాడు. నాన్న నా భుజం మీంచి చూస్తూ, "గట్టిగా కొట్టు పిల్లా. ఆ తల మీద కొట్టే భాగ్యం నాకూ ఒకసారి ఇవ్వు," అనేవాడు. అమ్మ కసిరేది. కానీ ఒకరోజు నాన్న నిజంగానే కొడితే చూడనట్టు ఊరుకుంది. ఊరివాళ్ళు నా పేరు కలిపి ఆ ముద్రని 'నోయెమీ మడి' అన్నారు. "మా ఉత్తరం నీ మడిలో నాటు తల్లీ, మొలుస్తుందేమో చూద్దాం," అనేవారు. స్టాంపు మీద మడి, పక్కనే అమ్మ గుండ్రటి అక్షరాలతో తేదీ, ఊరి పేరు. వారానికి ఒకసారి చీజు చక్రాల కింద గడ్డిలో అవి కొండ దాటేవి. ఇలా ఎనభై నాలుగు ఉత్తరాలు పంపాం. అమ్మ ప్రతిదీ పుస్తకంలో రాసింది.

నవంబరులో ప్రష్యన్లు వచ్చారు. పెద్ద దండేమీ కాదు, పాతికమంది. వాళ్ళ అధికారి మా ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, తమ స్టాంపులతో ఆఫీసు నడపమన్నాడు.

"ముద్రల్లేవు. మా ఇన్‌స్పెక్టరు తీసుకెళ్ళాడు," అంది అమ్మ. అది అక్షరాలా నిజం. అబద్ధమాడకుండా తప్పించుకున్నానని ఆవిడ ఆ రోజంతా లోలోపల మురిసిపోయింది.

వాళ్ళ సార్జెంటు ఒకడు మా ఇంట్లోనే మకాం పెట్టాడు. ఎర్రగడ్డం, నలభై దాటిన మనిషి. ఒక మధ్యాహ్నం కొట్టులోకి వచ్చి గోడ మీది జోళ్ళన్నీ ఒక్కొక్కటే దించి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆ చిన్న జోడు దించాడు. మడమ తిప్పాడు. నల్లగా ఉంది. బొటనవేలితో రుద్ది, వేలు వాసన చూశాడు. నా చేతిలో ఉలి ఆగిపోయింది.

"ఇది ఎందుకు నలుపు?" అన్నాడు వచ్చీరాని మా భాషలో.

"తారు. నీళ్ళు దిగకుండా," అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

"మా నాన్న కూడా ఈ పని. తారు ఒక్కదానికే పెట్టడు." కాసేపు ఆ ఏడు గాట్ల కేసి చూశాడు. తరవాత దాన్ని మేకుకి తగిలించి, పక్కన ఉన్న మంచి జోళ్ళు నాలుగు జతలు, నాన్న నెల కష్టం, తాడుతో కట్టి భుజాన వేసుకుని పోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వాడు మంచివాడనుకోవాలా, దొంగ అనుకోవాలా అని ఆ పూటంతా వాదించుకున్నాం. "రెండూ," అన్నాడు నాన్న.

వచ్చే ఉత్తరాలు వస్తూనే ఉండేవి. వాటికి ముద్ర వేరే ఊళ్ళో పడుతుంది కాబట్టి సాంతెన్ నుంచి సిదోనీ గడ్డిలో తెచ్చేది. నవంబరు చివర్లో ఆంతెల్మ్ ఉత్తరం వచ్చింది. అందరూ బావున్నారా, తన దగ్గర్నుంచి రెండు వచ్చాయి కదా, మీ దగ్గర్నుంచి ఒక్కటీ రాలేదేం అని రాశాడు. అప్పటికి మేం మూడు రాశాం. యుద్ధంలో బళ్ళు ఆలస్యం అనుకున్నాం. డిసెంబరులో మరొకటి: "మిగతావాళ్ళ ఊళ్ళ నుంచి ఉత్తరాలొస్తున్నాయి. మన ఊరివాళ్ళం ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ రాలేదు. ఊరు తగలబడిందా? నిజం చెప్పండి." అమ్మ ఆ రాత్రే జవాబు రాసింది. నేను కింద నాలుగు వాక్యాలు చేర్చాను. పొద్దున్నే మడి కొట్టి పంపాం.

క్రిస్మస్ దాటాక వచ్చిన ఉత్తరంలో ప్రశ్నలేమీ లేవు. కాళ్ళకి మంచు పట్టింది, దగ్గు వస్తోంది అని రెండే ముక్కలు. కింద సంతకం కూడా పూర్తిగా చెయ్యలేదు. దానికి మేం జవాబు రాసి పంపేలోపే మంచుకి కొండదారి మూసుకుపోయింది.

ఫిబ్రవరి మొదటి వారంలో సిదోనీ తెచ్చిన కట్ట అమ్మ కిటికీ దగ్గర విప్పుతోంది. బయట ఏడెనిమిది మంది ఆడవాళ్ళు మంచులో నిలబడ్డారు. నాలుగో ఉత్తరం మీద అమ్మ చెయ్యి ఆగింది. మా పేరే, కానీ రాసిన చెయ్యి వేరు. ఏదో ఆసుపత్రి ముద్ర. అమ్మ దాన్ని పక్కన బోర్లా పెట్టి, మిగతావి ఒక్కొక్కరి పేరూ పిలిచి పంచింది. చివరి మనిషి వెళ్ళాక కిటికీ గడియ పెట్టి, అప్పుడు తెరిచింది.

ఆసుపత్రిలో పనిచేసే ఒక సన్యాసిని రాసింది. ఆంతెల్మ్ జనవరి పద్నాలుగున ఊపిరితిత్తుల జ్వరంతో పోయాడు. బాధ పడలేదు. మంచి కుర్రాడు. ఇంటి నుంచి ఏమైనా వచ్చిందా అని రోజూ పొద్దున్నే అడిగేవాడు. చివరి రెండు రోజులూ అడగలేదు.

నాన్న ఆ వేళ కొట్టులో ఒక దుంగని, దేనికీ పనికిరాకుండా, పేళ్ళు పేళ్ళుగా చెక్కుతూ కూర్చున్నాడు. పొయ్యిలో వేసుకోవడానికి అన్నాడు.

సంధి కుదిరిందన్నారు. మా తూర్పు జిల్లాలకి అది వర్తించదన్నారు. మన సైన్యం మంచులో కాళ్ళీడ్చుకుంటూ స్విట్జర్లాండ్‌లోకి పోయి ఆయుధాలు పడేసిందన్నారు. మార్చి వచ్చేసరికి ప్రష్యన్లు ఊరు వదిలారు, మన కుర్రాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మెలనీ మొగుడు ఫుల్జాన్స్ కూడా వచ్చాడు. వచ్చాడన్నమాటే గాని పెళ్ళాంతో మాట్లాడడు. ఎనిమిది ఉత్తరాలు రాశానని ఆవిడ ఒట్టు పెట్టుకుంటుంది. "రాసినదానివైతే ఒక్కటైనా రాదా? ఐదు నెలలు ఎవడితో తీరిక లేకపోయింది?" అని వాడు వీధిలో నలుగురి ముందూ అడిగాడు. ఆ మాట విని అమ్మ పుస్తకం తెచ్చి మెలనీ పేరున్న ఎనిమిది చోట్లా వేలు పెట్టి చూపించింది. "రాసింది. నా చేత్తో పంపాను. దారిలో ఏమయ్యాయో దేవుడికి తెలియాలి," అంది. వాడు పుస్తకం కేసి చూడనైనా లేదు.

దేవుడిదాకా పోనక్కర్లేకుండా, మార్చి పదిహేడున ఇన్‌స్పెక్టర్ వెర్న్యోల్ వచ్చాడు. ఈసారి బండి దిగాడు. కోటు మీద కొత్త పతకం రిబ్బను పెట్టుకున్నాడు. ఆపదలో ప్రభుత్వ సామగ్రి కాపాడినందుకట. వెంట ఒక గుమాస్తా, గుమాస్తా చేతిలో గోనెసంచి. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని, బిడ్డ పోయిన ఇంట్లో అనాల్సిన మాట ఒక్కటీ అనకుండా కాగితాలు తీశాడు.

"మదామ్, ఈ ఆఫీసు అక్టోబరు ఇరవైన మూతపడిందని నా రిపోర్టు. ఆ తరవాత ఈ ఊరి పేరు మీద గుర్తింపు లేని ముద్రతో తపాలా నడిచింది. ఎవరు నడిపారు?"

"నేనేనండి."

"ముద్ర ఏది?"

నాన్న లేచి వెళ్ళి చిన్న జోడు తెచ్చి ఆయన కాగితాల మీద పెట్టాడు. వెర్న్యోల్ దాన్ని చూసి, నాన్నని చూసి, "వేళాకోళమా?" అన్నాడు.

"తమరు వెతుకుతున్న దొంగ ముద్ర అదేనండి. మడమ చూడండి," అన్నాడు నాన్న.

గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వెర్న్యోల్ చెవులు ఎర్రబడ్డాయి. సంచి బల్ల మీద కుమ్మరించాడు. "ఇవిగో సాక్ష్యాలు. ఎనభై నాలుగు."

ఉత్తరాలు. మడి ముద్రలు. ఒకదాని మీద ఒకటి జారి, కొన్ని కింద పడ్డాయి. అన్నీ అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ విప్పలేదు.

నాకు మొదట అర్థం కాలేదు. అమ్మకి అయింది. ఆవిడ వంగి నేల మీద పడినవి ఏరింది. ప్రతిదాని మూల మీదా నీలం పెన్సిల్‌తో చిన్న తేదీ ఉంది. ఒక్కొక్కటే చదువుతూ బల్ల మీద వరసగా పెట్టింది. పదహారేళ్ళు చేసిన పని కాబట్టి ఆ చేతులు వాటంతటవే తేదీల ప్రకారం సర్దేశాయి.

"ఈ తేదీలు ఎవరు వేశారండి?"

"నేనే. సాంతెన్ నుంచి అన్నీ నేనుంటున్న లియోన్ ఆఫీసుకి వచ్చేవి, నా బల్లకి. అనుమానాస్పదం కనక ఆపాను."

"ఆపమని ఎవరి ఉత్తర్వు?"

"నా విచక్షణ. మూసేసిన ఆఫీసు నుంచి ఉత్తరాలెలా వస్తాయి? పై వాళ్ళకి నేనేం చెప్పాలి?"

అందుకన్నమాట. తను రాసిన రిపోర్టు అబద్ధం కాకుండా ఉండాలంటే మా ఊరు నోరు మూసుకుని ఉండాలి. అది ఆయనే చెప్పాడు, తన తెలివికి మేం మెచ్చుకోవాలన్నట్టు.

అమ్మ వరసలోంచి ఒకటి తీసింది. దాని మీద ఆంతెల్మ్ పేరు. "ఇది డిసెంబరు ఇరవై మూడున మీకు చేరింది," అంది.

"అలాగే కనిపిస్తోంది."

"వాడప్పటికి బతికే ఉన్నాడు."

తేదీ సరిచూసుకుంటున్నట్టే అంది. గొంతు పెంచలేదు. నేనే అరిచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. పిరికి కుక్క అన్నాను. ప్రష్యన్ సార్జెంటు నీ కంటే నయం, వాడు జోళ్ళే ఎత్తుకుపోయాడు అన్నాను. చేతికి దొరికిన సిరాబుడ్డి ఎత్తాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ పిల్ల మాటలు కూడా రాసుకో," అన్నాడు వెర్న్యోల్ గుమాస్తాతో. తరవాత ఒక కాగితం అమ్మ వైపు తోశాడు. "దొంగ ముద్ర వాడినట్టు ఒప్పుకోలు. సంతకం చెయ్యండి. చేస్తే ఉద్యోగం పోవడంతో సరిపెడతాను. లేకపోతే కోర్టు."

అమ్మ ఆ కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివింది. కలం తీసుకుని ఒకచోట తేదీ తప్పుంటే దిద్దింది. 'దొంగ ముద్ర' అన్నచోట కొట్టేసి 'చెక్కజోడు మడమ' అని రాసింది. సంతకం చేసింది. తరవాత లేచి, నడుముకున్న ఏప్రన్ రెండు కొసలూ ఎడమ చేత్తో పైకి పట్టి, కుడి చేత్తో ఉత్తరాలన్నీ అందులోకి ఎత్తడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారు? అవి సాక్ష్యాలు."

"చేరవలసిన వాళ్ళకి చేరని ఉత్తరం రాసినవాళ్ళకి తిరిగి ఇవ్వాలి. అది నిబంధన. సాక్ష్యాల సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు."

"మీరిప్పుడు ఉద్యోగంలో లేరు."

"మీ కాగితం పై వాళ్ళకి చేరేదాకా ఉన్నాను," అంది అమ్మ. "నోయెమీ, నోరు మూసుకుని తలుపు తియ్యి."

గుమాస్తా అడ్డు నిలబడబోయి, అమ్మ ముఖం చూసి పక్కకి జరిగాడు.

బయట మంచు కరిగి వీధంతా బురద. అమ్మ వీధి చివర్నించి మొదలుపెట్టి ఒక్క గుమ్మం కూడా వదల్లేదు. తలుపు తట్టి, పేరు పిలిచి, ఉత్తరం చేతికిచ్చి, "ఇది చేరలేదు. నావల్లే," అనేది. నేను వెనకాల నడుస్తూ, నీవల్ల ఎలాగవుతుందమ్మా అని గొడవ పడ్డాను. "తీసుకున్నది నేను. పంపుతానన్నది నేను," అంది. అంతే.

జనం ఆవిడ మాటనే పట్టుకున్నారు. కొందరు ముఖం చూడకుండా అందుకున్నారు. రొట్టెలు కాల్చే ముసలాయన కొడుక్కి రాసిన ఐదూ తీసుకుని, ఆ కొడుకు పక్కనే నిలబడి ఉండగా, "చూడరా, రాశానా లేదా" అని వాడి ఛాతీకేసి కొట్టాడు. కొడుకుని పోగొట్టుకున్న కల్లాల దగ్గరి ఒకావిడ తలుపు సందులోంచి చెయ్యి చాపి, ఉత్తరాలు లాక్కుని, "ప్రభుత్వ పోస్టమ్మవని నమ్మాను," అని అమ్మ కాళ్ళ దగ్గర ఉమ్మేసి తలుపేసుకుంది. నేను ఆ తలుపు బాదబోయాను. అమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది.

మెలనీ గుమ్మంలో ఫుల్జాన్స్ ఉన్నాడు. అమ్మ ఎనిమిది ఉత్తరాలూ మెలనీకి కాకుండా వాడి చేతిలో పెట్టింది. నిబంధన ప్రకారం రాసిన మనిషికే ఇవ్వాలి. మా అమ్మ నిబంధన తప్పడం నేను చూసింది అదొక్కసారే. వాడు అక్కడే మెట్టు మీద కూర్చుని మొదటిది విప్పాడు. చదవడం సరిగ్గా రాదు వాడికి. పెదవులు కదుపుతూ ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. లోపల మెలనీ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. మేం నిలబడకుండా వచ్చేశాం.

ఇంటికొచ్చేసరికి వెర్న్యోల్ లేడు. జోడు సంచిలో వేసుకుని పోయాడు. ఏప్రిల్‌లో అమ్మ ఉద్యోగం పోయింది. ఆఫీసే మా ఊరి నుంచి ఎత్తేశారు. ఉత్తరం వెయ్యాలంటే రెండు గంటల నడక. ఊళ్ళో సగం మంది దానిక్కూడా అమ్మనే తప్పుపట్టారు. ఆ ఇన్‌స్పెక్టరుకి మాత్రం జిల్లా మారి పై హోదా వచ్చిందని విన్నాం. ఇన్నేళ్ళయినా ఆ పేరు వింటే నాకు నోరు చేదవుతుంది. పెద్దతనం వస్తే కోపం చల్లారుతుందంటారు. నాకేం చల్లారలేదు.

ఉత్తరాలు పంచి వచ్చిన ఆ సాయంత్రం ఏప్రన్‌లో ఆఖరున మిగిలినవి మా నాలుగూ. అమ్మ వాటిని బల్ల మీద పెట్టింది. నాన్నకి చదువు రాదు. "ఏం రాశారో చదువు," అన్నాడు.

అమ్మ డిసెంబరుది విప్పి చదివింది. ఊరు తగలబడలేదు నాయనా, అందరం ఉన్నాం, పంది ఏడు పిల్లల్ని పెట్టింది, మీ నాన్న నీ కోసం లోపల ఉన్ని పెట్టి జోళ్ళు చేస్తున్నాడు, కాళ్ళు తడవనివ్వకు. నాన్న ప్రతి వాక్యానికీ తల ఊపుతూ విన్నాడు. కింద నేను రాసిన నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఒక్క క్షణం ఆగి, "చెల్లి నీ క్షేమం అడుగుతోంది," అని చెప్పి కాగితం మడిచేసింది.

నేను అలా రాయలేదు. "నువ్వు తుపాకీ పట్టుకుని ఊళ్ళు చూస్తున్నావు, నీ చాకిరీ అంతా నేను చేస్తున్నాను. ఇప్పుడు నీ కంటే బాగా చెక్కుతున్నాను, నాన్నే అన్నాడు. నువ్వు తిరిగి రాకపోయినా ఇక్కడ ఎవరికీ లోటు లేదు. నీ ఉలి నాదే, అడక్కు." వాడూ నేనూ చిన్నప్పట్నించీ మాట్లాడుకునే మాటలే అవి. మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరైనా చదివితే నవ్వుతారు.

నాన్న లేచి వెళ్ళాక అమ్మ ఆ ఉత్తరం నా చేతిలో పెట్టి, "ఇది ఒక్కటీ చేరకపోవడమే నయమయింది," అంది. ఓదార్చడానికే అంది. ఆ మాటకి ఆవిడతో నెల రోజులు మాట్లాడలేదు.

నయం కాదు. చేరి ఉంటే వాడు ఆ మంచం మీద లేచి కూర్చుని, నన్ను నాలుగు తిట్లు తిట్టి, కాగితం అడిగి జవాబు రాసేవాడు. లేదా నిజంగానే నొచ్చుకునేవాడేమో. నొచ్చుకుంటే నొచ్చుకున్నాడు. వాడి చేత తిట్టు తినే హక్కు నాది. దాన్ని ఆ మనిషి, ఉత్తరం మూల మీద నీలం పెన్సిల్‌తో తేదీ వేసి, మూడు నెలలు తన సంచిలో పెట్టుకున్నాడు.